పాత ఆటోమేటిక్ కారులో గేర్లు సరిగ్గా పడకపోతే: బాక్స్ దింపే ముందు చూడాల్సినవన్నీ

పదేళ్లు దాటిన ఆటోమేటిక్ కారు గేరు మారేటప్పుడు తన్నిందంటే, వర్క్‌షాప్‌లో తరచూ వినిపించే మొదటి మాట ఒకటే: "బాక్స్ దింపాలి సార్." దింపాక వచ్చే బిల్లు ఆ కారు రీసేల్ ధరతో పోటీ పడుతుంది. గేర్ల ఇబ్బందుల్లో చాలావాటికి మాత్రం కారణం బాక్స్ బయటే దొరుకుతుంది. తగ్గిపోయిన ఆయిల్, నీరసించిన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ వైరు, చిరిగిన ఇంజిన్ మౌంటింగ్, చివరికి వెలగని బ్రేక్ లైటు కూడా కారణం కావచ్చు. కాబట్టి బయటి అనుమానాలన్నీ వరుసగా తేల్చుకున్నాకే లోపలికి వెళ్లాలి. ఖర్చు లేని పరీక్షలు ముందు, బాక్స్ విప్పడం చివర.

మీ కారులో ఉన్నది ఏ బాక్స్?

"ఆటోమేటిక్" అనే ఒక్క పేరుతో మన రోడ్ల మీద నాలుగు రకాలు తిరుగుతున్నాయి. గేర్ లివర్ దగ్గర పార్కింగ్ స్థానం, అంటే 'పీ' అక్షరం లేకపోతే అది దాదాపుగా ఏఎంటీ. 2014లో సెలేరియోతో మొదలైనది ఇదే. లోపల మామూలు మాన్యువల్ బాక్స్, మామూలు క్లచ్చే ఉంటాయి. వాటిని ఒక యాక్చుయేటర్ నడిపిస్తుంది. దాని జబ్బులు, మందులు వేరు, ఇక్కడ చెప్పేవి దానికి వర్తించవు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో వచ్చే డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల బాక్స్) కూడా వేరే కథే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఒకే చోట నిలిచి, గేరు మారిన జాడ లేకుండా స్పీడు పెరుగుతుంటే అది సీవీటీ. 2014 తర్వాతి పెట్రోల్ హోండా సిటీ ఆటోమేటిక్ ఈ రకం.

మిగిలినవి టార్క్ కన్వర్టర్ బాక్సులు, అంటే ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఆయిల్ ద్వారా శక్తి అందించే భాగం ఉన్నవి: ఐ10, రిట్జ్, ఏ-స్టార్, మొదటి సియాజ్‌లలోని 4 గేర్లవి, 2008 చివర్లో వచ్చిన సిటీలోని 5 గేర్లది. ఈ గైడ్ వీటి గురించి. స్కానింగ్, కరెంటు పరీక్షలు మాత్రం సీవీటీకి కూడా పనికొస్తాయి.

ఒక్క విషయం బుర్రలో ఉంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. ఈ బాక్స్‌లో ఆయిల్ చేసేది కేవలం లూబ్రికేషన్ కాదు. ఇంజిన్ శక్తిని చక్రాల వైపు పంపేది అదే, లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది దాని ప్రెషరే, వేడిని బయటికి మోసేదీ అదే. ఆ ప్రెషర్‌ని ఏ క్లచ్‌కి ఎప్పుడు పంపాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సోలినాయిడ్ అనే చిన్న కరెంటు వాల్వులు ఆ దారి తెరుస్తాయి. ఆయిల్ బాగుండి, కరెంటు సరిగ్గా ఉంటే సగం అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

ముందు జబ్బేమిటో కాగితం మీద రాయండి

"గేర్లు సరిగ్గా పడట్లేదు" అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరు నుంచి ఏ గేరుకి? ఎంత స్పీడులో? ఈ మూడూ తేలాలంటే ఒక పద్ధతి ప్రకారం నడిపి చూడాలి. పక్కన రాసుకోవడానికి ఒక మనిషి ఉంటే మంచిది.

రాత్రంతా నిలిపి ఉంచిన కారును తెల్లవారుజామున స్టార్ట్ చేయండి. ఐడిల్ నిలకడగా వచ్చాక, బ్రేక్ గట్టిగా తొక్కి ఎన్ నుంచి డీలో వేయండి. కారు ముందుకు లాగుతున్న స్పర్శ ఒక సెకను అటూ ఇటూగా తెలియాలి. రెండు సెకన్లు దాటితే ప్రెషర్ ఆలస్యంగా అందుతోందని అర్థం. ధడేల్మని తన్నితే అది వేరే లెక్క, మౌంటింగ్ దగ్గర చెబుతాను. ఆర్‌లో కూడా ఇలాగే చూడండి.

మా విశాఖలో అయితే తెల్లవారుజామున రుషికొండ వైపు బీచ్ రోడ్డు ఈ పనికి బాగుంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి, కళ్లు ఆర్‌పీఎం ముల్లు మీద పెట్టండి. గేరు మారిన ప్రతిసారీ ముల్లు కిందికి దిగాలి. దిగే ముందు ఒక్కసారి పైకెగిరి, ఇంజిన్ గోలపెట్టి, తర్వాత గేరు పట్టిందంటే క్లచ్ జారుతోంది. అది ఏ గేరు మధ్యలో జరిగిందో రాయండి. ప్రతిసారీ ఒకే చోట, ఉదాహరణకు రెండు నుంచి మూడుకి మాత్రమే జారితే ఆ ఒక్క క్లచ్, లేదా దాని సోలినాయిడ్ మీద అనుమానం. అన్ని గేర్లలోనూ జారితే ముందు ఆయిల్ చూడాలి.

తర్వాత హనుమంతవాక దాటి మధురవాడ, ఆనందపురం వైపు హైవే. 60-70 స్పీడులో నిలకడగా పోతున్నప్పుడు కారు గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు సన్నగా వణుకుతుంటే చాలామంది టైర్లనో, స్పార్క్ ప్లగ్గులనో మార్చేస్తారు. ఖర్చు లేకుండా తేల్చే ఉపాయం ఒకటుంది. వెనక వాహనాలేవీ లేవని చూసుకుని, కుడికాలు యాక్సిలరేటర్ మీద కదలకుండా ఉంచి, ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ని బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకండి. ఆ సిగ్నల్ అందగానే టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ (నిలకడ స్పీడులో ఇంజిన్‌ని బాక్స్‌తో నేరుగా కలిపేది) వదిలేస్తుంది. వణుకు టక్కున ఆగితే దోషం లాకప్‌దే, ఆగకపోతే ఇంజిన్ మిస్‌ఫైర్ వైపు వెళ్లండి. ఎడమకాలు బ్రేక్ మీద అలవాటు లేనివాళ్లు మొదట గట్టిగా తొక్కేస్తారు, జాగ్రత్త.

చివర్లో ఎత్తు. కైలాసగిరి గానీ సింహాచలం ఘాట్ గానీ చాలు, అరకు దాకా పోనక్కర్లేదు. బాక్స్ బాగా వేడెక్కాక, లోడు మీద మాత్రమే జారితే ఆయిల్ పలచబడి పాత సీళ్ల పక్కనుంచి తప్పించుకుంటోందన్నమాట. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఆలస్యంగా పట్టి తర్వాత బాగుంటే సీళ్లు గట్టిపడి ఉండొచ్చు, లేదా రాత్రంతా టార్క్ కన్వర్టర్ నుంచి ఆయిల్ కిందికి దిగిపోతుండొచ్చు.

కరెంటు పని: మనూళ్లో ఇదే ముందు

సముద్రపు ఉప్పుగాలి బాడీ మీద కనిపించే తుప్పుతో ఆగదు. కనెక్టర్లలో, ఎర్త్ స్ట్రాపుల కింద చేరి కూర్చుంటుంది. అందుకే విశాఖలో ఆయిల్ కంటే ముందు బ్యాటరీ చూడమంటాను. కారు కొన్ని గంటలు ఆపి ఉంచాక మల్టీమీటర్ పెడితే 12.4 వోల్టులకు తగ్గకూడదు. ఇంజిన్ నడుస్తుంటే చాలా పాత కార్లలో 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. వోల్టేజి తగ్గితే గేర్ కంప్యూటర్ తికమకపడి లేని జబ్బులు చూపిస్తుంది.

తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, మీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కి, రెండోదాన్ని గేర్ బాక్స్ కేసింగ్ మీది శుభ్రమైన లోహానికి ఆనించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ దారి పాడైంది. స్ట్రాప్ విప్పి, రెండు వైపులా ఎమరీ కాగితంతో తళతళలాడేలా రుద్ది బిగించండి. కొత్తది వేసినా పెద్ద ఖర్చేం కాదు.

ఆ తర్వాత స్కానర్. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ పరికరాల్లో చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లోకి వెళ్లగలిగే స్కానర్ గానీ, మీ కారు కంపెనీకి సరిపడే యాప్ గానీ కావాలి. పీ0700 కోడ్ ఒక్కటే కనిపిస్తే అది జబ్బు పేరు కాదు, "ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో అసలు కోడ్ ఉంది, అక్కడ చూడు" అని చెప్పడమే. పీ0705 అంటే లివర్ స్థానం చెప్పే స్విచ్. పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0720 అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్. పీ0731 నుంచి పీ0735 వరకు ఒక్కో గేరు రేషియో తప్పుతోందని, అంటే జారుతోందని. పీ0741 లాకప్ క్లచ్. పీ0750, పీ0755, పీ0760 షిఫ్ట్ సోలినాయిడ్లు. కోడ్ రాగానే ఆ పార్ట్ కొనేయకండి. కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో మాత్రమే. ఆ సర్క్యూట్‌లో పార్ట్‌తో పాటు వైరూ ఉంటుంది, కనెక్టరూ ఉంటుంది.

పాత హోండాల్లో స్కానర్ లేకపోయినా డాష్‌బోర్డు మీద 'డీ' లైటు మిణుకుమిణుకుమంటే బాక్స్ కంప్యూటర్ కోడ్ దాచిందని తెలిసిపోతుంది. ఏ కారైనా హఠాత్తుగా ఒకే గేరులో, ఎక్కువగా మూడోదాంట్లో ఇరుక్కుపోయి, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడిస్తే అది లింప్ మోడ్. కంప్యూటర్ బాక్స్‌ని కాపాడుకోవడానికి చేసే పని అది. టెన్షన్ పడకుండా నెమ్మదిగా ఇంటికి చేరి స్కాన్ చేయండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఐ10కి సరిగ్గా ఇదే జరిగింది. పీ0720 వచ్చింది, కొత్త సెన్సర్ వేశారు, మర్నాటికి మళ్లీ అదే కోడ్. సెన్సర్ నుంచి వెళ్లే వైరును వేళ్లతో తడుముతూ పోతే, బ్యాటరీ ట్రే కింద జానెడు మేర తొడుగు లేదు. పక్కనే ఎలుక పెంటికలు. రాగి తీగ రెండు పోగుల మీద వేలాడుతోంది, అదీ పచ్చబడి. సెల్లార్ పార్కింగ్‌లో ఉండే కార్లకు ఈ చెకింగ్ తప్పనిసరి. తెగిన చోట ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే వానాకాలానికి మళ్లీ మొదటికొస్తుంది. సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబు వేయండి. మిగతా కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి, లోపల పచ్చటి పొడి కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా రాసి బిగించండి.

ఆయిల్ చూడటం

కొలిచే పద్ధతి కారును బట్టి మారుతుంది, చాలామంది తప్పేది ఇక్కడే. హ్యుందాయ్, మారుతి 4 గేర్ల బాక్సుల్లో ఎక్కువవాటికి బాక్స్ వేడెక్కాక, చదునైన చోట, లివర్‌ని అన్ని స్థానాల్లోనూ ఒకసారి తిప్పి, ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీయాలి. హోండాలో అలా కాదు: రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా వేడెక్కించి, ఇంజిన్ ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల మధ్య చూడాలి. డబ్ల్యూఎస్ ఆయిల్ వాడే చాలా టయోటాలకు డిప్‌స్టిక్కే ఉండదు; నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర ఓవర్‌ఫ్లో ప్లగ్ తీసి చూడాలి, ఆ పని లిఫ్ట్ ఉన్నచోట చేయించుకోండి. మీ కారు మాన్యువల్ చెప్పిందే ఫైనల్.

లెవల్ ఎక్కువైనా ప్రమాదమే. తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగలో ప్రెషర్ నిలవదు, తక్కువ ఉన్నప్పటిలాగే గేర్లు జారతాయి.

డిప్‌స్టిక్‌ని తెల్లటి గుడ్డ మీదో టిష్యూ మీదో తుడిచి, వెలుతురులో చూడండి. ఎరుపు గానీ లేత గోధుమ రంగు గానీ అయితే భయం లేదు. ముదురు గోధుమ రంగైతే మార్చాల్సిన టైమ్ దాటింది. నల్లగా ఉండి మాడు వాసన ఘాటుగా కొడితే క్లచ్ ప్లేట్ల పొర కాలింది. గులాబీ రంగులో చిక్కగా, మసకగా ఉంటే రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ పగిలి కూలెంట్ కలిసిందన్నమాట; ఆ క్షణం నుంచి కారు నడపకండి, క్లచ్ ప్లేట్ల అంటు ఊడిపోతుంది. వరదనీళ్లలో మునిగిన కారుకీ ఇదే మాట.

ఆయిల్ మార్చడం

ఏ ఆయిల్ వేయాలో డిప్‌స్టిక్ మీదో మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది. పాత హ్యుందాయ్ 4 గేర్ల బాక్సులకు ఎస్‌పీ-3, హోండాకి డీడబ్ల్యూ-1 (పాత జడ్-1 బదులు వేసేది ఇదే), టయోటాలకు మోడల్‌ని బట్టి టీ-4 లేదా డబ్ల్యూఎస్. "అన్ని కార్లకీ సరిపోతుంది" అని అమ్మే డబ్బా మీద నాకు నమ్మకం లేదు. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ బాక్స్ ఆయిల్) పోయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

కావాల్సినవి: జాకీ, రెండు జాకీ స్టాండులు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు, గరాటు, దానికి తొడిగే సన్నని గొట్టం, కొలతలున్న ప్లాస్టిక్ డబ్బా, కొత్త డ్రెయిన్ వాషర్, చేతి తొడుగులు. కేవలం జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, ఒక్క నిమిషానికి కూడా.

పది నిమిషాలు నడిపి ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక ఆపండి. మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. ముందుగా ఆయిల్ పోసే ప్లగ్ గానీ డిప్‌స్టిక్ గానీ వదులై బయటికి వస్తుందో లేదో చూసుకోండి. పాతది ఖాళీ చేశాక పోసే దారి ఇరుక్కుపోయిందంటే కారు అక్కడే ఉండిపోతుంది. ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గు, గేర్ బాక్స్‌ది పక్కపక్కనే ఉంటాయి, ఏది విప్పుతున్నారో రెండుసార్లు చూడండి. హోండాలో గేర్ బాక్స్ ప్లగ్‌కి చతురస్రపు గుంట ఉంటుంది, 3/8 అంగుళం రాచెట్ సాకెట్ లేకుండానే నేరుగా అందులో కూర్చుంటుంది.

ఆయిల్ కారిపోతుంటే ప్లగ్‌ని చేతిలోకి తీసుకోండి. దాని కొనన ఉన్న అయస్కాంతమే ఈ మొత్తం పరీక్షలో నిజం చెప్పే సాక్షి. దాని మీద నూరిన కాటుకలా మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల, తుడిచేయండి. వేళ్ల మధ్య రుద్దినప్పుడు గరగరలాడే రజను, గోటికి తగిలే పెచ్చులు, మెరిసే సూదిముక్కలు వస్తే లోపల గేరో బేరింగో తినేస్తోంది. ఫోటో తీసి పెట్టుకోండి, రేపు మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

కారిన ఆయిల్‌ని కొలవండి. ఎంత వచ్చిందో అంతే కొత్తది పోయాలి, లెవల్ ముందే తక్కువుంటే ఆ తేడా కలుపుకొని. కొత్త వాషర్ వేసి ప్లగ్ బిగించండి. హోండాకైతే 49 న్యూటన్ మీటర్లు. మిగతావాటికి మాన్యువల్ చూడండి. కేసింగ్ అల్యూమినియం కాబట్టి బలం చూపిస్తే మరలు లేచిపోతాయి. పాన్ (బాక్స్ అడుగున ఉండే పళ్లెం) విప్పి ఫిల్టర్ మార్చే రకమైతే పాన్ బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి.

ఇలా ఒకసారి కార్చితే మొత్తం ఆయిల్ మారదు. సగం పైనే టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. ఒక్కోసారికి 40 శాతం మారుతుందనుకుంటే, మధ్యలో కొన్ని రోజులు నడుపుతూ మూడుసార్లు చేస్తే దాదాపు 78 శాతం కొత్తదవుతుంది. పాత కారుకి నేను ఇదే పద్ధతి చెబుతాను. మెషీన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేస్తామంటే, ఎప్పుడూ ఆయిల్ మార్చని బాక్స్‌కి వద్దనండి; అడుగున పేరుకున్న మురికి లేచి వాల్వ్ బాడీ (ఆయిల్ ప్రెషర్‌ని క్లచ్‌లకు పంచే భాగం) లోని సన్నదారుల్లో ఇరుక్కోవచ్చు. లాకప్ వణుకు చాలాసార్లు ఈ ఆయిల్ మార్పుతోనే పోతుంది. ఇప్పటికే అరిగిపోయిన క్లచ్ జారుడు మాత్రం ఏ ఆయిల్‌తోనూ పోదు. "కొత్త ఆయిల్ వేశాకే బాక్స్ పోయింది" అని వినిపించే కథల్లో చాలావరకు అప్పటికే పోయిన బాక్సులవే.

పాత ఆయిల్‌ని కాలవలో పారబోయకండి. డబ్బాలో పోసి మీ గ్యారేజీలో ఇవ్వండి.

బాక్స్‌కి సంబంధం లేని అనుమానితులు

మౌంటింగ్: ఒకరు లోపల కూర్చుని బ్రేక్ గట్టిగా తొక్కి, హ్యాండ్‌బ్రేక్ వేసి, డీ నుంచి ఆర్‌కి, మళ్లీ డీకి మార్చాలి. మీరు బానెట్ తెరిచి పక్కన నిలబడి చూడండి, కారు ముందు గానీ వెనక గానీ కాదు. ఇంజిన్ లేచి పడుతుంటే రబ్బరు చిరిగింది; ఆ ధడేల్ గేర్ బాక్స్‌ది కాదు.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు): ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతోందని కొందరు మెకానిక్కులు దాన్ని పీకేసి పంపిస్తారు. అప్పుడు కూలెంట్ కావలసినంత వేడెక్కదు, కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని టాప్ గేరునీ లాకప్‌నీ ఆపేస్తుంది. "హైవే మీద నాలుగో గేరు పడట్లేదు, మైలేజీ పడిపోయింది" అన్నవాళ్లు ముందు ఇది చూసుకోవాలి. అంతకంటే ముందు లివర్ మీది ఓవర్‌డ్రైవ్ బటన్ (టాప్ గేరుని ఆపేది) పొరపాటున నొక్కి ఉందేమో కూడా.

లివర్ పీ నుంచి కదలకపోతే వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా చూడండి. బ్రేక్ స్విచ్ పోతే షిఫ్ట్ లాక్ తెరుచుకోదు. లివర్ పక్కన చిన్న మూత కింద విడుదల బటన్ ఉంటుంది, దారిలో ఇరుక్కుంటే అదే దిక్కు. కారు పీలో స్టార్ట్ కాకుండా ఎన్‌లో మాత్రమే అవుతుంటే లివర్ కేబుల్ అడ్జస్ట్‌మెంట్ తప్పింది, లేదా రేంజ్ స్విచ్ (లివర్ స్థానం చెప్పేది) అరిగింది.

సోలినాయిడ్లు

ఇంత చేసినా ఒకే గేరు దగ్గర తేడా ఉంటే ఇక వీటి వంతు. కనెక్టర్ విప్పి, పిన్నుకీ కేసింగ్‌కీ మధ్య ఓమ్స్ కొలవండి. హోండా షిఫ్ట్ సోలినాయిడ్లు 12 నుంచి 25 ఓమ్స్ చూపాలి. వేరే కంపెనీలకు అంకె వేరు. సున్నా దగ్గర ఉంటే షార్ట్, అంతులేకుండా చూపితే లోపలి తీగ తెగింది. అంకె బాగున్నా లోపల మురికి పట్టి వాల్వు కదలకపోవచ్చు. బయటకే బిగించి ఉన్నవాటిని విప్పి, 12 వోల్టులు క్షణం పాటు ఇచ్చి టిక్‌మంటుందో వినండి. ఇది ఆన్-ఆఫ్ రకం షిఫ్ట్ సోలినాయిడ్లకే. తక్కువ ఓమ్స్ ఉండే లీనియర్ సోలినాయిడ్‌కి (ప్రెషర్‌ని కొద్దికొద్దిగా మార్చే రకం) నేరుగా బ్యాటరీ పెడితే కాలిపోతుంది. హోండాలో లీనియర్ సోలినాయిడ్ కింద గాస్కెట్‌లో జల్లెడ ఉంటుంది, అది పూడుకుపోయి గేర్లు తన్నడం ఉంది. విప్పితే ఆ గాస్కెట్ కొత్తదే వేయాలి. పాన్ విప్పితే గానీ అందని సోలినాయిడ్లు, వాల్వ్ బాడీ పని తెలిసిన చేతికి వదిలేయండి. అందులోని చిన్న ఉక్కు బంతులు, స్ప్రింగులు ఒక్కటి స్థానం తప్పినా మొత్తం పోయినట్టే.

బ్యాటరీ తీస్తే చాలా కార్లలో కంప్యూటర్ నేర్చుకున్నది మర్చిపోతుంది, సోలినాయిడ్ మారిస్తే పాత లెక్క సరిపోకపోవచ్చు. కొన్ని బాక్సులకు స్కానర్‌తో రీసెట్ చేసి మళ్లీ నేర్పించాలి. ఆ తర్వాత తేలికపాటి యాక్సిలరేటర్‌తో అన్ని గేర్లూ ఎక్కిస్తూ, నెమ్మదిగా ఆపుతూ కొన్ని రోజులు నడపండి. మొదట్లో కొంత మొరటుగా ఉంటే కంగారు పడకండి.

ఎప్పుడు బాక్స్ దింపాలి

ఆయిల్ నల్లగా మాడి, అయస్కాంతం మీద పెచ్చులు వచ్చి, రేషియో కోడ్లు పడుతుంటే ఇక వాయిదా వద్దు. దింపడానికి ఒప్పుకునే ముందు లైన్ ప్రెషర్ గేజి పెట్టి చూపించమనండి. ప్రెషర్ అన్ని గేర్లలోనూ తక్కువుంటే పంపు లేదా ఫిల్టర్, ఒక్కదాంట్లోనే తక్కువుంటే ఆ క్లచ్ సీలు. బ్రేక్ తొక్కి ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చే స్టాల్ టెస్ట్‌ని ఇంటి దగ్గర చేయకండి. సరిగ్గా చేసినా 5 సెకన్లు మించకూడనిది అది, పాత బాక్స్‌ని అదే ముగించేయగలదు.

రీబిల్డ్ అయితే పాత ప్లేట్లు, సీళ్లు మీకు చూపించాలని, టార్క్ కన్వర్టర్ సంగతేమిటో చెప్పాలని, ఆయిల్ కూలర్‌ని కడగాలని ముందే రాయించుకోండి. కడగని కూలర్‌లోని పాత రజను కొత్త బాక్స్‌లోకే వస్తుంది. స్క్రాప్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ బాక్స్ కొంటే కేసింగ్ మీది మోడల్ కోడ్ అక్షరం అక్షరం సరిపోవాలి, డ్రెయిన్ ప్లగ్ విప్పి అయస్కాంతం చూశాకే డబ్బు ఇవ్వాలి. ఉప్పుగాలికి ఆరుబయట పడి ఉన్నదైతే షాఫ్టు కొనల తుప్పు, కనెక్టర్ పిన్నులు కూడా చూడండి.

కారు దారిలో ఆగిపోతే, ముందు చక్రాలతో నడిచే ఆటోమేటిక్‌ని తాడు కట్టి లాగించకండి. ఇంజిన్ ఆగితే పంపు తిరగదు, లోపల ఆయిల్ అందక బేరింగులు కాలిపోతాయి. ముందు చక్రాలు నేల నుంచి లేపాలి, లేదంటే మొత్తం కారును ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించాలి. అరకు ఘాట్‌లో ఆగితే ఆ బండి శృంగవరపుకోట వైపు నుంచి రావడానికి టైమ్ పడుతుంది, అయినా ఆగండి.